తలకిందుల సలహాలు: పొదిలిలో నీమో జోడీ పెట్టాలనుకునేవాళ్లకి

ఆడామగా చూసి కొనకండి. క్లౌన్ చేపల జోడీ కావాలని అక్వేరియం షాపుకి బయల్దేరేవాళ్లకి నేను చెప్పే మొదటి మాట ఇదే. జోడీ అంటే ఒక ఆడదీ ఒక మగదీ కాక ఇంకేమిటని వెంటనే అడుగుతారు. ఇక్కడ రాసే సలహాలు చాలావరకు ఇలాగే తలకిందులుగా ఉంటాయి, కొన్ని వట్టి మొండితనంగా కూడా అనిపిస్తాయి. కానీ ప్రతిదాని వెనకా ఆ చేప ఒంటి తీరు ఉంది, సముద్రపు నీటి లెక్క ఉంది. చేపల గురించి మన ఊళ్లో ఉన్న తెలివంతా గోల్డ్ ఫిష్ తొట్టి నుంచి వచ్చింది, లేదా కోస్తాలో రొయ్యల చెరువులు చూసే బంధువుల నుంచి వచ్చింది. జోడీ అనే మాట వినగానే మన పెళ్లిళ్ల లెక్క కూడా అందులో కలుస్తుంది. ఈ మూడూ క్లౌన్ చేప దగ్గర పనికిరావు.

షాపులో నీమో అని అమ్మే ఈ చేప ఆడదిగానో మగదిగానో తేలి పుట్టదు. పిల్లలన్నీ ఎటూ తేలకుండానే పెరుగుతాయి. నాలుగైదు ఒకచోట చేరాక అన్నిటిలోకీ పెద్దది ఆడది అవుతుంది. దాని తర్వాతది మగది అవుతుంది. మిగతావి పిల్లల్లాగే ఉండిపోతాయి. ఆడది చచ్చిపోతే మగది ఆడదిగా మారుతుంది, వరసలో మూడోది మగదాని చోటుకి వస్తుంది. ఈ పెత్తనమే లింగాన్ని నిర్ణయిస్తుందని హాన్స్ ఫ్రిక్ అనే శాస్త్రవేత్త మరొకరితో కలిసి 1977లో నేచర్ పత్రికలో రాశాడు. 2003లో అదే పత్రికలో పీటర్ బస్టన్ అనే పరిశోధకుడు ఇంకో ముచ్చట చెప్పాడు. పపువా న్యూ గినీ తీరంలో అతను గమనించిన క్లౌన్ చేపల్లో కింది వరస చేప తన పైదానికంటే చిన్నగా ఉండేలా తన ఎదుగుదలని తానే అదుపులో పెట్టుకుంటోంది. సైజులో పోటీకి వస్తే పైది దాన్ని గూటి నుంచి తరిమేస్తుంది, అందుకని.

ఇదంతా కొనేటప్పుడు పనికొచ్చే సంగతి. మీరు చూడాల్సింది సైజులో తేడా. ఒకటి నాలుగు సెంటీమీటర్లు, ఇంకొకటి రెండున్నర, రెండూ లేతవే, రెండూ ఒకే జాతివి. ఇంతకంటే మంచి జోడీ ఏ షాపులోనూ దొరకదు. పెద్దది ఆడది కావడానికి, చిన్నది మగదిగా నిలబడడానికి దారి ముందే పడి ఉంటుంది. "అన్నా, ఇది ఆడది, అది మగది, గ్యారంటీ జోడీ" అని రెండు వేర్వేరు తొట్ల నుంచి రెండు పెద్ద చేపలు తీసి చూపిస్తే కొనకండి. రెండూ ఆడవే అయివుండే అవకాశం బాగా ఉంది. మగది ఆడది కాగలదు, ఆడది తిరిగి మగది కాలేదు. రెండు ఆడచేపలు ఒక తొట్టిలో పడితే ఒకటి చచ్చేదాకా కొట్టుకుంటాయి. నిజంగా కలిసి బతుకుతున్న జోడీయే అయితే అవి షాపులో కూడా ఒకే తొట్టిలో, ఒకే మూలన, పక్కపక్కనే ఉంటాయి. అది కళ్లారా చూస్తేనే గ్యారంటీ అనే మాట నమ్మండి.

ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుందని మూడు కొనకండి. గోల్డ్ ఫిష్ కొనే అలవాటు అది. రెండడుగుల తొట్టిలో జోడీ కుదిరిన రోజు నుంచి మూడోదానికి చోటు ఉండదు. ఆరు పిల్లల్ని కలిపి పెంచి, వాటిలో జత కట్టిన రెంటిని ఉంచి మిగతావి తీసేసే పద్ధతి ఉన్నమాట నిజమే. తీసిన నాలుగింటికీ వేరే ఉప్పునీటి తొట్టి ఉన్నవాళ్లకే అది సాగుతుంది.

జాతి సంగతి త్వరగా చెప్పేస్తాను. మొదటిసారి పెట్టేవాళ్లు ఆసిలారిస్ తీసుకోండి, దీనిది అన్నిటికంటే నెమ్మదైన గుణం. మెరూన్ క్లౌన్ అందంగా ఉంటుంది గాని ఆడది జోడీని కూడా బతకనివ్వకపోవచ్చు. సముద్రంలో పట్టినవి కాకుండా హేచరీలో పుట్టిన పిల్లల్ని అడగండి. మన దేశంలో క్లౌన్ చేపల్ని తొట్లలో పెట్టి గుడ్లు పెట్టించే పద్ధతిని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ వాళ్లు ఎప్పుడో సాధించారు. తమిళనాడులో పరంగిపేట దగ్గర అన్నామలై విశ్వవిద్యాలయం సముద్రజీవ విభాగం కూడా ఆ పని చేసింది. అంటే హేచరీ పిల్ల మన దగ్గర దొరకని వస్తువు కాదు. సముద్రంలో పట్టి తెచ్చినవాటికి ఒంటి మీద తెల్లని జిగురు పొర కమ్మి రెండు మూడు రోజుల్లో చంపే బ్రూక్లినెల్లా జబ్బు ఎక్కువ.

ఇక నీళ్లు. మన ఊరివాళ్లు తప్పుదారి పట్టేది ఎక్కువగా ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

సముద్రపు చేప గదా అని సముద్రం నుంచి నీళ్లు తేకండి. ఒంగోలు దాటి కొత్తపట్నం వెళ్తే కావలసినన్ని నీళ్లు ఉన్నాయి, ఆటోలో డ్రమ్ము వేసుకుని వస్తే పైసా ఖర్చు లేదు అని ప్రతివాళ్లూ చెబుతారు. ఆ ఒడ్డు నీళ్లు పగడాల దగ్గరి నీళ్లు కావు. గుండ్లకమ్మ కలిసే తీరం అది. వానాకాలంలో ఏటి నీళ్లు పడి ఉప్పదనం పడిపోతుంది, ఏడాది పొడుగునా బురద కలిసి ఉంటుంది, పైగా రొయ్యల చెరువులు వదిలే నీళ్లు కూడా ఆ కాలవల్లోంచే సముద్రంలోకి పోతాయి. హేచరీలవాళ్లు సముద్రపు నీళ్లు వాడతారు నిజమే. కానీ వాళ్లు వాటిని వడగట్టి, క్లోరిన్ వేసి, ఆ క్లోరిన్ పోయేదాకా ఆగి, అప్పుడు వాడతారు. ఆ ఏర్పాటు ఇంట్లో లేదు.

సముద్రం కాకపోతే ఉప్పన్నా దగ్గరే ఉందిగా, చినగంజాం కొఠార్లలో ఎంత కావాలంటే అంత, అది నీళ్లలో కలిపితే సముద్రం తయారవదా అని ఇంకో సలహా. ఇది తెలివైన మాటలా వినబడుతుంది కాబట్టే దీనికి జవాబు వివరంగా చెప్పాలి. కొఠారులో సముద్రపు నీరు ఎండేటప్పుడు ముందు సున్నం తాలూకు లవణాలు అడుగుకి దిగిపోతాయి. ఆ తర్వాత తినే ఉప్పు గడ్డకడుతుంది. మెగ్నీషియం దాదాపు అంతా చివర మిగిలిన చేదు నీళ్లలో ఉండిపోతుంది, ఆ నీళ్లు పారబోస్తారు. కొఠారు కూలీల నైపుణ్యమంతా ఈ మూడింటినీ విడదీయడంలోనే ఉంది. మన కూరకి అదే కావాలి. చేపకి మాత్రం ఆ మూడూ కలిసి ఉన్న నీళ్లు కావాలి. సముద్రపు నీటిలో లీటరుకి సుమారు 400 మిల్లీగ్రాముల కాల్షియం, 1,300 మిల్లీగ్రాముల మెగ్నీషియం ఉంటాయి. నీటి పీహెచ్‌ని 8.1 నుంచి 8.4 మధ్య పట్టి ఉంచే బైకార్బొనేట్ కూడా ఉంటుంది. కొఠారు ఉప్పు కలిపిన నీళ్లలో నాలుకకి ఉప్పదనం తెలుస్తుంది గాని ఇవేవీ చాలినంత ఉండవు. కాబట్టి అక్వేరియం కోసమే చేసే సముద్రపు ఉప్పు పొడి కొనాలి. లీటరుకి 35 నుంచి 38 గ్రాములు పడుతుంది. 80 లీటర్ల తొట్టికి మూడు కిలోలన్నమాట. డబ్బు పెట్టాల్సిన చోటు ఇది, రంగు లైట్లు కాదు.

ఆ ఉప్పు కలపడానికి బోరు నీళ్లు వాడకండి. పొదిలి, కనిగిరి, దర్శి వైపు నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని చిన్నపిల్లలకి కూడా తెలుసు. వింత ఏమిటంటే చేపకి ఆ ఫ్లోరైడ్ అంత పెద్ద సమస్య కాదు. సముద్రపు నీటిలోనే లీటరుకి 1.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ సహజంగా ఉంటుంది, మనం తాగే నీటికి పెట్టిన గరిష్ఠ హద్దు 1.5. బోరు నీళ్లతో వచ్చే అసలు చిక్కు అందులో కరిగి ఉన్న మిగతా లవణాలు, పొలాల ఎరువుల నుంచి దిగే నైట్రేటు. ఇక్కడ మన కరువే మనకి కలిసొచ్చింది. వీధికొకటిగా ఆర్.ఓ. ప్లాంట్లు ఉన్నాయి, ఇరవై లీటర్ల క్యాన్ ఇంటికే వస్తుంది. అయితే క్యాన్ రాగానే తొట్టిలో పోయకండి. తాగడానికి రుచి రావాలని కొన్ని ప్లాంట్లలో శుద్ధి చేసిన నీళ్లలో కొంత పచ్చి నీరు కలుపుతారు. చిన్న టీడీఎస్ మీటరు ఒకటి కొనుక్కుని క్యాన్ నీటిలో ముంచి చూడండి. అంకె పదికి లోపు ఉంటే హాయిగా వాడండి. వంద చూపిస్తే, నీళ్లు కలపకముందే పట్టివ్వమని ప్లాంటులో అడగండి.

ఉప్పదనం కొలవడానికి రొయ్యల రైతులు వాడే రిఫ్రాక్టోమీటరే చాలు. కానీ వాళ్ల అంకెలు వాడకండి. వనామీ రొయ్య పదిహేను పీపీటీ ఉప్పదనంలో కూడా బతుకుతుంది. ఈ చేపకి 33 నుంచి 35 ఉండాలి. నీళ్లు తగ్గినప్పుడల్లా ఉప్పునీళ్లు పోయకండి, మంచినీళ్లే పోయండి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు తొట్టిలోనే మిగిలి ఉంటుంది. ఈ ఒక్క విషయం తెలియక మన ఎండాకాలంలో ఉప్పు పెరిగిపోయి పోయిన తొట్లు చాలా ఉన్నాయి.

తొట్టి తయారవగానే చేప పెట్టకండి. నాలుగు నుంచి ఆరు వారాలు ఖాళీగా నడపండి. ఇంటికి వచ్చినవాళ్లు నీళ్లు చూడ్డానికా ఇంత ఖర్చు అంటారు, అననివ్వండి. రోజూ చిటికెడు మేత వేయండి. అది కుళ్లి అమ్మోనియా పుడుతుంది, దాన్ని తినే సూక్ష్మజీవులు రాళ్ల మీద, ఫిల్టర్‌లో స్థిరపడతాయి. ముందు అమ్మోనియా, తర్వాత నైట్రైటు పెరిగి పడిపోతాయి. టెస్ట్ కిట్‌లో రెండూ సున్నా చూపించిన రోజునే చేపకి ఆ ఇల్లు సిద్ధం.

ఆ ఇంట్లో పగడాలు పెట్టకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పగడాలకి పులితో సమానంగా మొదటి షెడ్యూలులో రక్షణ ఉంది. ఎవరో సముద్రం నుంచి తెచ్చిన పగడపు రాయి అమ్ముతానంటే అది నేరం కూడా. చేత్తో చేసిన సిరామిక్ రాళ్లు అదే పని చేస్తాయి. ఎనిమోన్ కూడా వద్దు. నీమో అంటే ఎనిమోన్ లేకుండా ఎలా అని అందరూ బాధపడతారు. హేచరీలో పుట్టిన ఆసిలారిస్ ఎనిమోన్‌ని ఎప్పుడూ చూసి ఉండదు, అది లేకుండానే జత కట్టి గుడ్లు పెడుతుంది. ఎనిమోన్‌కి గట్టి వెలుతురు, కనీసం ఆరు నెలలు ముదిరిన తొట్టి కావాలి. అవి లేకపోతే అది రాయి వదిలి తిరుగుతూ పోయి, నీటిని కదిలించే వేవ్‌మేకర్‌లో పడి ముక్కలవుతుంది, ఒక్క రాత్రిలో నీళ్లన్నీ పాడవుతాయి. దాని బదులు కుమ్మరి దగ్గర రంగు వేయని, మెరుగు పెట్టని చిన్న మట్టి కుండీ కొని, బాగా నానబెట్టి కడిగి, పక్కకి వాల్చి పెట్టండి. రేపు గుడ్లు పెట్టేది దాని గోడ మీదే.

తొట్టి ఉన్న గదిలో దోమల చుట్ట వెలిగించకండి, దోమల మందు మిషన్ పెట్టకండి. దీనికి ఎవరూ ఒప్పుకోరు. కానీ ఈ సలహా మీద నేను ఒక్క మెట్టు కూడా దిగను. వాటిలో ఉండేవి పైరెత్రాయిడ్ జాతి మందులు. పత్తి మీద కొట్టే సైపర్‌మెత్రిన్ అదే జాతి. మనిషికి పెద్దగా తెలియని మోతాదులోనే చేపకీ రొయ్యకీ విషం. తొట్టిలో బుడగలు వదిలే మోటారు గదిలో గాలినే పీల్చి నీటిలోకి కొడుతుంది, ఆ గాలిలో ఏముంటే అది నీటిలోకి చేరుతుంది. దోమతెర కట్టుకోండి. మిర్చికో పొగాకుకో పత్తికో మందు కొట్టి వచ్చిన రోజు తొట్టిలో చెయ్యి పెట్టొద్దు, ఆ పని ఇంట్లో ఇంకొకరికి అప్పజెప్పండి. స్ప్రేయరు, మందు డబ్బాలు ఆ గదిలో ఉండనే కూడదు.

చెన్నై కొలత్తూరు నుంచో విజయవాడ నుంచో చేపల సంచి వచ్చాక గంటల కొద్దీ చుక్క చుక్కగా తొట్టి నీళ్లు కలపకండి. అది జాగ్రత్తలా కనిపించే ప్రమాదం. పది పన్నెండు గంటలు మూసి ఉన్న సంచిలో చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ పీహెచ్‌ని తగ్గిస్తుంది. ఆ తక్కువ పీహెచ్‌లో అమ్మోనియా విషం కాని రూపంలో ఉంటుంది. మూతి విప్పి గాలి తగిలాక పీహెచ్ పెరుగుతుంది, అమ్మోనియా విషమవుతుంది. సంచి మూతి విప్పకుండానే తొట్టి నీటిలో ఒక ఇరవై నిమిషాలు తేలనిచ్చి వేడి సమానం చేయండి. షాపువాళ్ల ఉప్పదనం ఎంతో ముందే ఫోన్లో కనుక్కుని బకెట్టులో అదే ఉప్పదనంతో నీళ్లు సిద్ధంగా పెట్టుకోండి. విప్పగానే చేపని అందులోకి మార్చండి. సంచి నీళ్లు పారబోయండి.

తొట్టిలోకి చిన్నదాన్ని ముందు వదలండి. పెద్దదానికి మర్యాద చేసే చోటు కాదు ఇది. చిన్నది నాలుగైదు రోజులు తిరిగి మూలలు తెలుసుకోవాలి, చోటు తనదనుకోవాలి. పెద్దదాన్ని ఆ తర్వాత చిల్లులున్న పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి అదే తొట్టిలో వేలాడదీయండి. పాకలోకి కొత్త గేదె వస్తే మొదటిరోజే పాతవాటితో ఒకే గాటన కట్టం, చూపుకీ వాసనకీ అలవాటు పడనిస్తాం. ఇదీ అంతే. వారం, పది రోజులు చూడండి. చిన్నది డబ్బా దగ్గరకి తానే వచ్చి, దాని ఎదురుగా పక్కకి ఒరిగి ఒళ్లు గజగజ వణికిస్తే పని జరుగుతోందని అర్థం.

ఆ వణుకు చూసి మందు వేయకండి. ఫిట్సు వచ్చిందనీ, చలి జ్వరమనీ, కరెంటు షాకనీ అనుకుని నీలిమందు పోసేవాళ్లు ఉన్నారు. 'నువ్వే పెద్ద, నీతో నాకు పోటీ లేదు' అని చిన్నది చెప్పుకునే భాష అది. జోడీ మొత్తం ఆ వణుకు మీదే నిలబడుతుంది. డబ్బా తీశాక పెద్దది తరుముతుంది, అప్పుడప్పుడు నోటితో తాకుతుంది. అప్పుడు విడదీయకండి. విడదీసిన ప్రతిసారీ పెద్ద ఎవరో చిన్న ఎవరో మళ్లీ మొదటి నుంచి తేల్చుకోవాలి. జాలిపడి గంటగంటకీ వల పెట్టేవాళ్ల తొట్టిలోనే పోట్లాట ఎక్కువ రోజులు సాగుతుంది. విడదీయాల్సిన గుర్తులు వేరే ఉన్నాయి: చిన్నది నీటి పైభాగంలో ఒక మూలకి అతుక్కుని మేతకి కూడా దిగకపోవడం, రెక్కలు చీలికలై పోవడం, రెండూ నోళ్లు కరచిపట్టుకుని తిరగడం. చివరిది కనబడితే ఆ క్షణమే తీయండి. రెండిట్లో ఏదీ వణకకుండా రెండూ పెత్తనానికే నిలబడ్డాయంటే ఆ జత కుదరదు. ఒకదాన్ని షాపుకి తిరిగి ఇచ్చేసి ఇంకా చిన్నదాన్ని తెండి.

రెండూ రాత్రి ఒకేచోట పడుకోవడం మొదలయ్యాక అవి ఎంచుకున్న మూల జోలికి పోకండి. రాళ్లు సర్దకండి, కుండీ జరపకండి, కొత్త చేపల్ని తేకండి. జత కుదిరిందంటే వెంటనే గుడ్లు వస్తాయనుకోకండి. లేత పిల్లలతో మొదలుపెడితే ఏడాది, ఒక్కోసారి రెండేళ్లు పడుతుంది. ఆడ క్లౌన్ చేప ముప్ఫై ఏళ్లు కూడా బతకగలదని లెక్కలు ఉన్నాయి. అన్నేళ్ల సంసారానికి రెండేళ్లు ఆగలేమా?

ఆ రెండేళ్లలో మన ఎండాకాలాలు రెండు వస్తాయి. నీళ్లు 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి, 30 దాటితే చేపకి ఊపిరి కష్టమవుతుంది. మంచినీటికంటే ఉప్పునీటిలో ప్రాణవాయువు దాదాపు అయిదో వంతు తక్కువ కరుగుతుంది, వేడెక్కితే ఇంకా తగ్గుతుంది. ఐసు ముక్కలు వేయకండి. వేడి ఒక్కసారిగా పడిపోవడం వేడికంటే చెడ్డది. తొట్టి మూత తీసి సన్నని వల బిగించి, నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పండి. రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఒంగోలు, చీరాల తీరంలో ఉక్కపోతకి ఈ ఉపాయం అంత పారదు. మన మెట్ట గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఇక్కడ బాగా పనిచేస్తుంది. నీళ్లు మాత్రం రోజుకి లీటరు పైనే తగ్గవచ్చు, ఆర్.ఓ. క్యాన్ పక్కనే ఉంచుకోండి. అయినా అంకె దిగకపోతే తొట్టిని ఏసీ గదికి మార్చడమో, చిల్లర్ కొనడమో తప్పదు. కరెంటు పోయినప్పుడు లైటు, ఫిల్టరు ఆగినా ఫరవాలేదు, గాలి మోటారు ఆగకూడదు. ఇన్వర్టర్ నుంచి దానికొక్కదానికన్నా లైను తీయండి.

మొదటి గుడ్లని కాపాడాలని చూడకండి. కుండీ గోడ మీద నారింజరంగు గింజల్లా వందలు కనబడతాయి, మర్నాటికి సగం ఉండవు. కొత్త జోడీ తన గుడ్లని తానే తినేస్తుంది. మగది రెక్కలతో విసరడం, పాడైనవి ఏరెయ్యడం రెండు మూడు విడతల తర్వాత నేర్చుకుంటుంది. అప్పుడు ఏడు నుంచి పది రోజుల్లో గుడ్లలో కళ్లు వెండిలా మెరుస్తాయి. ఆ రాత్రి చీకటి పడ్డాక పొదుగుతాయి.

పిల్లలు దించాలనుకుంటే ఇక్కడ కూడా కోస్తా బంధువుల మాట మొదటి వారం వినకండి. రొయ్యల హేచరీల్లో ఆర్టీమియా బాగా దొరుకుతుంది, అదే వేయమంటారు. అప్పుడే పొదిగిన ఆర్టీమియా అర మిల్లీమీటరు ఉంటుంది, క్లౌన్ పిల్ల నోటికి అది పట్టదు. ముందు అంతకంటే చిన్న జీవులైన రోటిఫర్లు కావాలి, ఆర్టీమియా ఆ తర్వాత. రోటిఫర్లు పెంచడానికి పచ్చని నాచునీళ్లు కావాలి, అవి కుదురుకోవడానికి వారం పది రోజులు పడుతుంది. గుడ్లు పొదిగాక వెతికితే లాభం లేదు. కాబట్టి జోడీ కుండీ గోడని నోటితో గీకి శుభ్రం చేయడం మొదలుపెట్టిన రోజునే, గుడ్లు ఇంకా పడకముందే, చేపల హేచరీ ఎవరిదైనా తెలిస్తే ఒక సీసా రోటిఫర్లు తెప్పించి రెండు వేర్వేరు బకెట్లలో వేసుకోండి. ఒకటి పోయినా ఇంకొకటి నిలుస్తుంది.